తీగ తెంచుకున్న టెలిఫోను
చేతిఫోను తొలినాళ్ళ చరిత్ర

అలెగ్జాండర్ గ్రాహం బెల్ 1876లో టెలిఫోనుకు పేటెంటు పొందిన నాటి నుండి దాదాపు నూరేళ్ళ పాటు ఆ పరికరం మనిషికి కాక చోటుకు చెందిన వస్తువుగానే ఉండిపోయింది. నంబరు అంటే ఒక ఇంటి నంబరు, ఒక కార్యాలయపు నంబరు, ఒక అంగడి నంబరు. ఒక మనిషితో మాట్లాడవలెనంటే ఆ మనిషి ఆ సమయానికి ఆ చోట ఉండాలి. ట్రంకాల్ బుక్ చేసి గంటల తరబడి ఎదురుచూసిన తరమూ, ఎదురింటి ఫోనుకు కబురుచేసి "మావాళ్ళను కాస్త పిలవండి" అని వేడుకొన్న తరమూ ఈ సంచిక పాఠకులలో ఇప్పటికీ ఉన్నాయి. మన దేశంలో ఆపరేటరు సహాయం లేకుండా ఒక ఊరి నుండి మరొక ఊరికి నేరుగా మాట్లాడే ఎస్.టి.డి. సౌకర్యం 1960లో లక్నో, కాన్పూరుల మధ్య మొదలైంది. అప్పటికి 34 ఏళ్ళ తరువాత, 1994 నాటి జాతీయ టెలికాం విధాన పత్రం ప్రకారం కూడా, దేశంలో నూటికి 0.8 టెలిఫోన్లు మాత్రమే ఉన్నాయి.

అటువంటి టెలిఫోను గోడను, బల్లను, తీగను విడిచి మనిషి చేతిలోకి రావటం ఇరవయ్యో శతాబ్దపు సాంకేతిక చరిత్రలో ఒక పెద్ద ఘట్టం. ఆ రాకకు మూడు అడ్డంకులు ఎదురయ్యాయి. మొదటిది బరువు, రెండవది ఖరీదు, మూడవది లిపి. మొదటి రెండింటి కథ అమెరికాలో, ఐరోపాలో నడిచింది. మూడవదానితో తెలుగువారికి నేరుగా సంబంధమున్నది.

కారులోనే కట్టుబడిన ఫోను

తీగ లేకుండా నడిచే టెలిఫోను చేతిఫోనుకంటే చాలా ముందే పుట్టింది. 1946 జూన్‌లో అమెరికాలోని సెయింట్ లూయిస్ నగరంలో ఎ.టి. అండ్ టి. సంస్థ కార్లలో అమర్చే టెలిఫోను సేవను ప్రారంభించింది. కారులో బిగించిన ఆ యంత్ర సామగ్రి బరువు సుమారు 36 కిలోలు. మాట్లాడదలచినవారు ఆపరేటరును పిలిచి నంబరు చెప్పాలి. తాము మాట్లాడేటప్పుడు మీట నొక్కి ఉంచాలి, ఎదుటివారి మాట వినటానికి వదలాలి. నగరమంతటికీ కలిపి ఏకకాలంలో ముగ్గురు మాత్రమే మాట్లాడగలిగేవారు.

దీనికి కారణం ఆ వ్యవస్థ నిర్మాణంలోనే ఉన్నది. ఊరి నడుమ ఎత్తైన చోట శక్తిమంతమైన ప్రసార కేంద్రం ఒకటి ఉండేది. ఒక సంభాషణకు కేటాయించిన రేడియో తరంగాలు నగరమంతటా వ్యాపించటంతో, ఆ సంభాషణ ముగిసే దాకా అవి ఇంకెవరికీ పనికివచ్చేవి కావు. తరువాతి కాలంలో ఆపరేటరు అవసరం తప్పినా ఈ ఇరుకు తప్పలేదు. న్యూయార్క్ వంటి మహానగరంలో సుమారు 2,000 మంది చందాదారులు 12 ఛానళ్ళను పంచుకొని, ఒక కాల్ కోసం అరగంట దాకా నిరీక్షించే పరిస్థితి ఉండేది.

తేనెపట్టు అరలు

ఈ చిక్కుముడికి పరిష్కారం 1947 డిసెంబరులోనే కాగితం మీద సిద్ధమైంది. బెల్ ప్రయోగశాలలో పనిచేసే డగ్లస్ రింగ్ అనే ఇంజనీరు, సహోద్యోగి డబ్ల్యు. రే యంగ్ తోడ్పాటుతో ఒక అంతర్గత పత్రం రాశారు. నగరమంతటికీ ఒకే పెద్ద కేంద్రం బదులు, తేనెపట్టులోని అరల వలె ఆరు భుజాలున్న చిన్నచిన్న ప్రాంతాలుగా నగరాన్ని విభజించి, ఒక్కొక్క అరకు ఒక్కొక్క చిన్న కేంద్రాన్ని నిలపవచ్చునన్నది ఆ పత్రం సారాంశం. పక్కపక్క అరలకు వేర్వేరు తరంగాలిస్తే ఒకదాని మాట మరొకదానిలో కలవదు; కాస్త ఎడంగా ఉన్న అరలో అవే తరంగాలను మళ్ళీ వాడుకోవచ్చును. ఇంగ్లీషులో అరను 'సెల్' అంటారు. సెల్‌ఫోను అన్న పేరు అక్కడి నుండి వచ్చినదే.

అయితే కదిలే మనిషి ఒక అరలో మాట మొదలుపెట్టి, ముగిసేలోగా మూడవ అరకు చేరవచ్చును. మాట తెగకుండా ఒక కేంద్రం మరొక కేంద్రానికి ఆ కాల్‌ను అప్పగించాలి. ఈ అప్పగింత పద్ధతికి బెల్ ప్రయోగశాలకే చెందిన ఏమోస్ జోయెల్ 1972లో పేటెంటు పొందారు. 1947 నాటి ఊహకూ దానిని నడిపే యంత్రాంగానికీ మధ్య పాతికేళ్ళు గడిచాయి. వేలాది కాల్స్‌ను కనిపెట్టుకొని ఉండి, క్షణంలో నిర్ణయం తీసుకోగల కంప్యూటర్లు, ఎలక్ట్రానిక్ ఎక్స్ఛేంజీలు అంతకు ముందు లేకపోవటం అందుకు ఒక కారణం. తరంగాల కేటాయింపులో ప్రభుత్వం చేసిన జాప్యం మరొక కారణం.

చిన్న అరల వలన ఒనగూడిన ప్రయోజనం మరొకటి ఉన్నది. కేంద్రం దగ్గరలోనే ఉంటుంది గనుక దానిని చేరటానికి ఫోనుకు ఎక్కువ శక్తి అవసరం లేదు. శక్తి తగ్గితే బ్యాటరీ చిన్నదవుతుంది, బ్యాటరీ చిన్నదైతే ఫోను చేతికి అందుతుంది. చేతిఫోను సాధ్యం కావటానికి అసలు మూలం ఇదే.

1973 ఏప్రిల్ 3

ఇన్ని సిద్ధం చేసుకొన్న ఎ.టి. అండ్ టి. సంస్థ మాత్రం ఈ వ్యవస్థ అంతా కార్ల కోసమేనని భావించింది. అమెరికా ప్రభుత్వ సమాచార సంఘం తరంగాలను ఆ ఒక్క సంస్థకే కట్టబెట్టే అవకాశం కనిపించింది. వైర్‌లెస్ పరికరాల తయారీలో పేరుపొందిన షికాగోకు చెందిన మోటరోలా సంస్థకు ఇది ప్రాణసంకటమైంది. ఆ సంస్థలోని మార్టిన్ కూపర్ అనే ఇంజనీరు వాదన వేరు. మనిషి మాట్లాడదలచేది మనిషితోనే గాని, కారుతోనో ఇంటితోనో కాదు. కనుక నంబరు మనిషికే ఉండాలన్నది ఆయన పట్టుదల. మాటలతో వాదించటంకంటే వస్తువును చేసి చూపటమే మేలని మోటరోలా నిశ్చయించింది. రూడీ క్రోలాప్ నాయకత్వంలోని రూపకల్పన బృందమూ, ఇంజనీర్లూ కలిసి కొద్ది నెలలలోనే నమూనాను నిలబెట్టారు. దానికి డైనాటాక్ అని పేరు పెట్టారు.

1973 ఏప్రిల్ 3న న్యూయార్క్‌లోని ఆరవ అవెన్యూలో కాలిబాట మీద నిలబడి, 44 ఏళ్ళ కూపర్ ఆ నమూనాతో తొలి కాల్ చేశారు. అవతల ఫోనెత్తినవారు పోటీ సంస్థ బెల్ ప్రయోగశాలలో సెల్యులార్ పథకానికి పెద్దయైన జోయెల్ ఎంగెల్. తాను చేతిలో ఇమిడే సెల్‌ఫోను నుండి మాట్లాడుతున్నానని కూపర్ ఆయనకు తెలియజేశారు. చరిత్రలో తొలి చేతిఫోను కాల్ ఇట్లు ప్రత్యర్థికే వెళ్ళింది.

ఆ నమూనా బరువు ఒక కిలోకు పైమాటే. అరగంటకు కాస్త అటుఇటుగా మాట్లాడితే బ్యాటరీ అయిపోయేది. మళ్ళీ నిండటానికి సుమారు పది గంటలు పట్టేది. అంత బరువును చెవి దగ్గర అంతకంటే ఎక్కువసేపు ఎవరూ పట్టుకోలేరు గనుక బ్యాటరీ లోపం ఎవరినీ బాధించలేదని కూపర్ తరువాతి కాలంలో చమత్కరించేవారు.

అంగడికి వచ్చిన ఇటుక

నమూనా నుండి సరుకుగా మారటానికి మరి పదేళ్ళు పట్టాయి. ఈలోగా 1979 డిసెంబరులో జపాను టోక్యో నగరంలో కారు ఫోన్ల సెల్యులార్ సేవను ప్రారంభించింది. 1981లో ఉత్తర ఐరోపా దేశాలు ఎన్.ఎం.టి. అనే ఉమ్మడి పద్ధతిని చేపట్టాయి. అమెరికాలో తొలి వాణిజ్య సేవ 1983 అక్టోబరు 13న షికాగోలో మొదలైంది. అంతకు మూడు వారాల ముందు, సెప్టెంబరు 21న, మోటరోలా డైనాటాక్ 8000ఎక్స్ అనే చేతిఫోనుకు ప్రభుత్వ అనుమతి లభించింది. మరుసటి ఏడాది అది అమ్మకానికి వచ్చింది.

దాని బరువు సుమారు 790 గ్రాములు. ఆకారాన్ని బట్టి జనం దానిని ఇటుక అని పిలిచేవారు. ధర 3,995 డాలర్లు. నాటి మారకపు విలువలో 40 వేల రూపాయలకు పైమాట. పది గంటలు ఛార్జింగ్ పెడితే అరగంట సంభాషణ సాధ్యమయ్యేది. ఎర్రని అంకెలు వెలిగే చిన్న తెర, గుర్తుంచుకొనేందుకు 30 నంబర్ల చోటు, నెత్తిన కర్ర వంటి యాంటెన్నా దాని ఇతర లక్షణాలు.

ఆ ఫోనులోని ఒక చిన్న మార్పును ఇక్కడ ప్రత్యేకంగా గమనించాలి. ఇంటి ఫోనులో రిసీవరు ఎత్తగానే డయల్ టోన్ వినిపిస్తుంది. ఒక్కొక్క అంకె తిప్పేకొద్దీ ఎక్స్ఛేంజీకి చేరుతుంది. మధ్యలో తప్పితే పెట్టేసి మళ్ళీ మొదలుపెట్టాలి. చేతిఫోనులో డయల్ టోన్ లేదు. నంబరంతా తెర మీద కూర్చుకొని, సరిచూసుకొని, తప్పుంటే దిద్దుకొని, ఆ తరువాతే పంపే మీట నొక్కాలి. అప్పుడు నంబరు మొత్తం ఒక్కసారిగా కేంద్రానికి చేరుతుంది. వాడేవారికి ఇది సౌకర్యంగా కనిపించినా అసలు ఉద్దేశం పొదుపు. వాడేవారు అంకెలు వెతుక్కొనేంతసేపు విలువైన తరంగం వృథాగా నిలిచిపోకూడదని ఇంజనీర్లు ఈ ఏర్పాటు చేశారు. ఇప్పటి ఫోన్లలోని పచ్చని మీట, ఎర్రని మీట ఆ పొదుపు నుండి పుట్టినవే.

గ్రాముల పోటీ

తరువాతి పదేళ్ళు గ్రాములు తగ్గించే పోటీలో గడిచాయి. ఫిన్లాండ్ దేశపు నోకియా వారి మొబిరా సెనేటర్ 1982లో వచ్చినప్పుడు దాని బరువు సుమారు 10 కిలోలు. అది కారులో పెట్టుకొనే ఫోను. 1987లో అదే సంస్థ తెచ్చిన మొబిరా సిటీమాన్ 800 గ్రాములకు లోబడి చేతిఫోనైంది. 1989 అక్టోబరులో సోవియట్ నాయకుడు మిఖాయిల్ గోర్బచేవ్ హెల్సింకీలో దానితో మాస్కోకు మాట్లాడుతుండగా తీసిన ఛాయాచిత్రాలు లోకమంతా వ్యాపించాయి. ఫిన్లాండ్ ప్రజలు ఆ ఫోనుకు ముద్దుగా గోర్బా అని పేరు పెట్టుకొన్నారు.

అదే 1989లో మోటరోలా మైక్రోటాక్ వచ్చింది. మీటలను కప్పే చిన్న రెక్క దానికి ఉండేది. మాట్లాడేటప్పుడు తెరిచి, తరువాత మూసివేయాలి. బరువు సుమారు 350 గ్రాములకు దిగి, చొక్కా జేబుకు సరిపోయింది. 1996 జనవరిలో వచ్చిన స్టార్‌టాక్ పూర్తిగా రెండుగా మడిచే ఫోను; బరువు 88 గ్రాములు. డైనాటాక్ 8000ఎక్స్‌తో పోలిస్తే ఇది తొమ్మిదో వంతు. మోగకుండా అదురుతూ కాల్ వచ్చిందని తెలిపే సౌకర్యం కూడా అందులో ఉన్నది.

ఈ తగ్గుదలలో బ్యాటరీలది పెద్ద పాత్ర. తొలి ఫోన్లలో నికెల్ కాడ్మియం బ్యాటరీలు ఉండేవి. అవి బరువైనవి, పూర్తిగా ఖాళీ కాకముందే పదేపదే ఛార్జి చేస్తే వాటి నిల్వ సామర్థ్యం తగ్గినట్లు కనిపించేది. తరువాత నికెల్ మెటల్ హైడ్రైడ్ వచ్చింది. జపానుకు చెందిన సోనీ సంస్థ 1991లో మార్కెట్టుకు తెచ్చిన లిథియం అయాన్ బ్యాటరీ ఆ దశాబ్దం రెండవ సగంలో ఫోన్లలో స్థిరపడింది. బ్యాటరీ తేలికైతేగాని ఫోను తేలిక కాలేదు.

అంకెలుగా మారిన మాట

బరువు తగ్గినా తొలి తరం ఫోన్లలో ఒక లోటు మిగిలింది. అవి మాటను రేడియో వలె యథాతథంగా తరంగాల మీద పంపేవి. తగిన రిసీవరున్న వారెవరైనా ఆ సంభాషణను దొంగచాటుగా వినగలిగేవారు. ఒకరి ఫోను గుర్తింపు సంఖ్యను దొంగిలించి వారి ఖాతాలో మాట్లాడే మోసాలూ జరిగాయి. అదీగాక ఐరోపాలో ఒక దేశపు ఫోను మరొక దేశంలో పనిచేయకపోవటం సర్వసాధారణం.

దీనికి విరుగుడుగా 1982లో ఐరోపా దేశాల తపాలా, టెలికాం శాఖల కూటమి ఒక అధ్యయన బృందాన్ని నియమించింది. దాని ఫ్రెంచి పేరులోని తొలి అక్షరాలే జి.ఎస్.ఎం. 1987 సెప్టెంబరులో 13 దేశాల ప్రతినిధులు కోపెన్‌హేగెన్‌లో ఒప్పందంపై సంతకాలు చేశారు. 1991 జులై 1న ఫిన్లాండ్ మాజీ ప్రధాని హరి హోల్కెరి, టాంపెరె నగర ఉప మేయరు కారినా సువోనియోకు చేసిన కాల్ తొలి జి.ఎస్.ఎం. కాల్‌గా చరిత్రకెక్కింది.

ఈ పద్ధతిలో మాట ముందుగా అంకెలుగా మారుతుంది. ఒకే తరంగాన్ని ఎనిమిది మంది వంతులవారీగా వాడుకొంటారు. తరగతిలో ఎనిమిది మంది విద్యార్థులు ఒకే పుస్తకాన్ని వంతులువేసుకొని చదివినట్లే ఇది కూడా. కాకపోతే ఇక్కడ ఒక్క చుట్టు సుమారు 4.6 మిల్లీ సెకన్లలో పూర్తవుతుంది గనుక తమ మాట ముక్కలవుతున్నదని మాట్లాడేవారికి తెలియనే తెలియదు. ఫోను తన వంతు వచ్చినప్పుడే ప్రసారం చేస్తుంది గనుక బ్యాటరీ కూడా ఆదా అవుతుంది.

జి.ఎస్.ఎం. తెచ్చిన మరొక మార్పు సిమ్ కార్డు. 1991లో మ్యూనిక్‌కు చెందిన గీసెక్ అండ్ డెవ్రియంట్ సంస్థ తొలి 300 సిమ్ కార్డులను ఫిన్లాండ్‌లోని రేడియోలింజా సంస్థకు విక్రయించింది. మొదట్లో సిమ్ కార్డు పరిమాణం బ్యాంకు కార్డంత ఉండేది. నంబరు చోటును వదలి ఫోనుకు చేరిందని అంతదాకా అనుకొన్నారు. సిమ్‌తో అది ఫోనును కూడా వదిలింది. కార్డు తీసి ఏ ఫోనులో పెట్టుకొంటే ఆ ఫోను ఆ మనిషిది అవుతుంది. నంబరు మనిషికే ఉండాలన్న కూపర్ మాటకు సంపూర్ణ రూపం వచ్చింది సిమ్ కార్డుతోనే. 1992 నవంబరు 10న నోకియా విడుదల చేసిన 1011 భారీఎత్తున తయారైన తొలి జి.ఎస్.ఎం. చేతిఫోన్లలో ముఖ్యమైనది. బరువు 475 గ్రాములు, జ్ఞాపకంలో 99 నంబర్లకు చోటు.

నూట అరవై అక్షరాలు

మాటకోసం పుట్టిన ఫోనులో రాతకు చోటు దొరకటం ఒక చిత్రమైన కథ. ఫోనుకూ కేంద్రానికీ మధ్య మాటలు నడిచే దారితోపాటు, సంకేతాలు నడిచే సన్నని దారి మరొకటి ఉంటుంది. అది చాలాసేపు ఖాళీగానే ఉంటుంది. ఆ ఖాళీలో చిన్న సందేశాలను పంపవచ్చునని జి.ఎస్.ఎం. రూపకర్తలు తలచారు. సందేశం ఎంత పొడవుండాలన్న ప్రశ్న వచ్చింది. జర్మనీకి చెందిన ఫ్రైడ్‌హెల్మ్ హిల్లెబ్రాండ్ 1985లో టైపు మిషను మీద రకరకాల వాక్యాలు కొట్టి అక్షరాలు లెక్కించారు, పోస్టుకార్డులను పరిశీలించారు. సామాన్యమైన కబురుకు 160 అక్షరాలు చాలునని తేల్చారు.

ఆ సన్నని దారిలో ఒక సందేశానికి దొరికే చోటు 1,120 బిట్లు. ఒక్కొక్క ఇంగ్లీషు అక్షరానికి 7 బిట్లు కేటాయిస్తే సరిగ్గా 160 అక్షరాలు పడతాయి. ఈ లెక్కను పాఠకులు గుర్తుంచుకోవాలి. తెలుగు ప్రస్తావన వచ్చినప్పుడు మళ్ళీ అవసరమవుతుంది.

1992 డిసెంబరు 3న బ్రిటన్‌లో నీల్ పాప్‌వర్త్ అనే యువ ఇంజనీరు వోడాఫోన్ సంస్థకు చెందిన రిచర్డ్ జార్విస్‌కు తొలి సందేశాన్ని పంపారు. అది క్రిస్మస్ శుభాకాంక్ష. పంపినది ఫోను నుండి కాదు, కంప్యూటరు నుండి. తరువాత ఫోన్లకు ఆ శక్తి వచ్చినా, మీటల మీద ఇంగ్లీషు అక్షరాలు మూడేసి, నాలుగేసి చొప్పున సర్దుకొన్నాయి. రెండవ అంకె మీటను ఒకసారి నొక్కితే ఎ, రెండుసార్లు నొక్కితే బి, మూడుసార్లు నొక్కితే సి. ఎస్ అనే అక్షరం కావలెనంటే ఏడవ అంకెను నాలుగుసార్లు నొక్కాలి. 'అమ్మ' అని ఇంగ్లీషు అక్షరాలలో రాయటానికి నాలుగు నొక్కులు, 'నాన్న' అని రాయటానికి ఎనిమిది నొక్కులు కావలసివచ్చేవి.

ఫోనులో చేరిన ఇతర విద్యలు

1990లలో ఫోను మాటకూ సందేశానికీ పరిమితం కాలేదు. 1994లో నోకియా 2110లో వినిపించిన మోత, స్పెయిన్‌కు చెందిన గిటార్ విద్వాంసుడు ఫ్రాన్సిస్కో టారెగా 1902లో కూర్చిన గ్రాన్ వాల్స్ అనే బాణీలోని చిన్న భాగం. 1997లో నోకియా 6110లో టానెలి అర్మాంటో రూపొందించిన పాము ఆట చేరింది. తోక పెరిగేకొద్దీ తనను తాను కరవకుండా పామును నడపవలసిన ఆ ఆట ఒక తరం బాలబాలికలకు కంఠోపాఠమైంది. 1998లో నోకియా 8810 యాంటెన్నాను లోపలికి దాచివేసింది. గడియారం, అలారం, లెక్కల పరికరం క్రమంగా ప్రతి ఫోనులోనూ చోటుచేసుకొన్నాయి.

ఈ క్రమంలో కాలానికి ముందే వచ్చి వెళ్ళిపోయిన పరికరం ఒకటి ఉన్నది. ఐ.బి.ఎం. సంస్థ రూపొందించిన సైమన్ 1994 ఆగస్టులో అమెరికాలో అమ్మకానికి వచ్చింది. మీటలకు బదులు వేలితో తాకే తెర, ఉత్తరాలు, ఫ్యాక్స్, దినచర్య పట్టిక అందులో ఉన్నాయి. ఒప్పందంతో కలిపి ధర 899 డాలర్లు, బరువు సుమారు అరకిలో, బ్యాటరీ సుమారు ఒక గంట. దాదాపు 50 వేలు అమ్ముడై, కొద్ది నెలలకే అది మార్కెట్టు నుండి తప్పుకొన్నది. నేటి స్మార్ట్‌ఫోను ఊహ అప్పటికే ఉన్నది. దానిని మోయగల బ్యాటరీ, నడపగల వల అప్పటికి లేవు.

భారతదేశంలో తొలి అడుగు

మన దేశం పాత పద్ధతి జోలికి పోకుండా నేరుగా జి.ఎస్.ఎం.తోనే మొదలుపెట్టింది. 1995 జులై 31న పశ్చిమ బెంగాల్ ముఖ్యమంత్రి జ్యోతి బసు కలకత్తాలోని రైటర్స్ బిల్డింగ్ నుండి ఢిల్లీలోని సంచార్ భవన్‌లో ఉన్న కేంద్ర మంత్రి సుఖ్‌రామ్‌తో మాట్లాడారు. ఢిల్లీ, ముంబయి, కలకత్తా, మద్రాసు నగరాలకు రెండేసి సంస్థల చొప్పున అనుమతులిచ్చారు. నాటి మద్రాసులో ఆ సంస్థలు ఆర్.పి.జి. సెల్యులార్, స్కైసెల్. పిమ్మట రాష్ట్రాలవారీ సర్కిళ్ళు వచ్చాయి. ఆంధ్రప్రదేశ్‌లో టాటా సెల్యులార్, జె.టి. మొబైల్స్, కర్ణాటకలో జె.టి. మొబైల్స్, మోడీకామ్ సేవలందించాయి.

బరువు సమస్య అప్పటికి తీరింది గాని ఖరీదు సమస్య తీరలేదు. రద్దీ వేళల్లో నిమిషానికి 16 రూపాయల 80 పైసల దాకా రుసుము ఉండేది. ఫోను చేసినవారే కాక, ఎత్తినవారు కూడా చెల్లించాలి. ఈ కారణంగా చాలామంది కాల్ వచ్చినప్పుడు నంబరు చూసుకొని, ఎత్తకుండా, దగ్గరలోని ఎస్.టి.డి. బూత్‌కు వెళ్ళి తిరిగి మాట్లాడేవారు. 1999 నాటి కొత్త టెలికాం విధానం సంస్థలు చెల్లించే లైసెన్సు రుసుమును ఆదాయంలో వాటాగా మార్చింది. 2003లో వచ్చిన కాల్స్ ఉచితమయ్యాయి. ఆ తరువాతే చేతిఫోను కూలీ చేతికి, కూరగాయల బండి మీదికి చేరింది. ఎత్తకపోతే ఎవరికీ ఖర్చులేదు గనుక మిస్డ్ కాల్ ఒక భాషగా మారింది. ఒకసారి మోగితే చేరామని, రెండుసార్లు మోగితే తిరిగి మాట్లాడమని కుటుంబాలు తమలో తాము సంకేతాలు ఏర్పరచుకొన్నాయి.

ఈ దశకు ప్రతీకగా నిలిచినది నోకియా 1100. 2003లో వచ్చిన ఈ ఫోను వర్ధమాన దేశాల అవసరాలను చూసి చేసినది. దుమ్ము చొరని మీటలు, చెమట చేతికి జారని పక్కలు, కరెంటు పోయినప్పుడు పనికివచ్చే టార్చి దీపం దాని ప్రత్యేకతలు. ప్రపంచవ్యాప్తంగా 25 కోట్లకు పైగా అమ్ముడైంది. చెన్నైకి చేరువలోని శ్రీపెరుంబుదూరులో నోకియా కర్మాగారం 2006లో ఉత్పత్తి మొదలుపెట్టి, 2014లో మూతపడింది.

ఇతర రాష్ట్రాలలో తరతరాలుగా స్థిరపడిన తెలుగువారికి ఈ సర్కిళ్ళ పద్ధతి ఒక ప్రత్యేకమైన ఇబ్బందిని తెచ్చింది. టెలికాం సర్కిళ్ళ హద్దులు చాలావరకు రాష్ట్రాల హద్దులే. బంధుత్వాలకు, వివాహ సంబంధాలకు ఆ హద్దులు లేవు. సరిహద్దు దాటగానే రోమింగ్ రుసుము పడేది. అవతల రాష్ట్రంలోని మేనమామకు చేసే కాల్ దూరపు కాల్‌గా లెక్కకు వచ్చేది. ఇందుకు భిన్నంగా, పాలన రీత్యా పుదుచ్చేరికి చెందిన యానాం టెలికాం పటంలో ఆంధ్రప్రదేశ్ సర్కిల్‌లోనే ఉన్నది.

తెలుగు అక్షరానికి చోటు

మూడవ అడ్డంకి అన్నిటికంటే ఆలస్యంగా తొలగింది. 1,120 బిట్ల లెక్క ఇక్కడ మళ్ళీ వస్తుంది. 7 బిట్లతో ఇంగ్లీషు, మరికొన్ని ఐరోపా భాషల అక్షరాలను మాత్రమే గుర్తించవచ్చును. తెలుగు వంటి లిపులకు యూనికోడ్ పద్ధతిలో ఒక్కొక్క సంకేతానికి 16 బిట్లు కావాలి. 1,120ని 16తో భాగిస్తే వచ్చేది 70. అనగా ఇంగ్లీషు సందేశానికి 160 స్థానాలుంటే తెలుగు సందేశానికి 70 స్థానాలే.

అంతటితో ఆగలేదు. గుణింతాలకు, ఒత్తులకు కూడా వేర్వేరు సంకేతాలుంటాయి. కంటికి 'నాన్న' రెండే అక్షరాలు, కాని యంత్రానికి అవి అయిదు సంకేతాలు. 'స్త్రీ' అనే ఒక్క అక్షరానికి ఆరు స్థానాలు ఖర్చవుతాయి. ఒక సందేశం ధరకు ఇంగ్లీషులో రెండు మూడు వాక్యాలు పడితే తెలుగులో ఒక వాక్యం కూడా కష్టమే. అదీ ఫోనులో తెలుగు లిపి ఉన్నప్పటి మాట. తొలినాటి ఫోన్లలో చాలావాటికి తెలుగు చూపటమే చేతకాదు. అక్షరాల స్థానంలో ఖాళీ గళ్ళు కనిపించేవి.

దీనితో తెలుగువారు తమ మాటకు ఇంగ్లీషు అక్షరాల వేషం వేశారు. వ్యాకరణం తెలుగుదే, పదాలు తెలుగువే, లిపి మాత్రం పరాయిది. కె, ఎ, ఎల్, ఎ అన్న నాలుగక్షరాలు రాస్తే అది కల కావచ్చు, కళ కావచ్చు, కాల కావచ్చు. హ్రస్వదీర్ఘాల భేదం, ల-ళల భేదం, న-ణల భేదం ఆ రాతలో నశించాయి. పోస్టుకార్డు మీద గుండ్రని తెలుగు రాసే అలవాటున్న పెద్దలు ఆ సందేశాలను చదవలేక మనుమల చేతికిచ్చారు. తెలుగు బడికి పోని మనుమలకేమో తెలుగు లిపి అవసరమే కనిపించలేదు. సొంత రాష్ట్రంలో వీధి బోర్డులు, బస్సుల పేర్లు, పత్రికలు లిపిని కంటి ముందు నిలిపి ఉంచుతాయి. ఇతర రాష్ట్రాలలోని తెలుగు కుటుంబాలకు ఆ ఆసరా తక్కువ. అక్కడ లిపి నిలిచేది ఇంట్లో రాసే ఉత్తరాలలో, బడిలో. ఉత్తరం స్థానాన్ని ఫోను ఆక్రమించాక, భారమంతా బడి మీద పడింది.

ఇక్కడ గమనింపదగిన విషయం ఒకటున్నది. తొలి జి.ఎస్.ఎం. కాల్ జరిగిన 1991లోనే, అక్టోబరులో వెలువడిన యూనికోడ్ తొలి ప్రమాణంలో తెలుగు లిపికి స్థానం లభించింది. అనగా సంకేతాలు లేక ఆగినది కాదు. ఫోన్ల తయారీదారులకు ఆ లిపిని చేర్చవలసిన నిర్బంధం లేక ఆగినది. భారతదేశంలో అమ్మే చేతిఫోన్లన్నీ రాజ్యాంగపు ఎనిమిదవ షెడ్యూలులోని 22 భాషలను చూపగలగాలని, ఇంగ్లీషు, హిందీలతోపాటు కనీసం మరొక భారతీయ భాషలో రాయటానికి వీలుండాలని నిర్దేశించే ప్రమాణాన్ని భారతీయ ప్రమాణాల సంస్థ వెలువరించినది 2016లో. లిపికి సంకేతం దొరకటానికీ, ఫోనులో హక్కుగా చోటు దొరకటానికీ మధ్య 25 ఏళ్ళు గడిచాయి. ఆ పాతికేళ్ళలో ఒక తరం బడిలో చేరి, చదువు ముగించి, సంసారాలలో స్థిరపడింది.

ఈ లోగా తాకే తెరలు వచ్చి మీటల ఇరుకును తొలగించాయి. తెర మీద అచ్చులు, హల్లులు, గుణింతాలు కావలసినట్లు పరచుకోవచ్చును. ఇంటర్నెట్టు ద్వారా పంపే సందేశాలకు 70 స్థానాల హద్దు లేదు. నేడు స్మార్ట్‌ఫోను ఉన్నవారెవరైనా తెలుగులో రాయదలిస్తే యంత్రం అడ్డుచెప్పదు. అయినా ఇంగ్లీషు అక్షరాలలో తెలుగు రాసే అలవాటు పోలేదు. యంత్రపు ఇబ్బంది తొలగినా, ఆ ఇబ్బంది నేర్పిన అలవాటు చేతి వేళ్ళలో మిగిలిపోయింది.

బరువును ఇంజనీర్లు తగ్గించారు. ఖరీదును పోటీ, ప్రభుత్వ విధానాలు తగ్గించాయి. లిపి విషయంలో ప్రమాణాలు రాసేవారు తమ పని ఆలస్యంగానైనా చేశారు. ఇక మిగిలినది వాడేవారి పని. ఫోనులో తెలుగు మీటల అమరికను ఒకసారి తెరిచి పెట్టుకోవటానికి నిమిషం కూడా పట్టదు. దాని మీద చేయి తిరగటానికి కొద్ది వారాలు చాలు. అయితే ఏ ఒత్తు ఎక్కడ పడుతుందో, ఎక్కడ ల రాయాలో, ఎక్కడ ళ రాయాలో ఫోను నేర్పదు. అది పలక మీద దిద్దించిన ఉపాధ్యాయుల వద్దనే నేర్వాలి. డెబ్బైయైదేళ్ళుగా తెలుగు మాధ్యమంలో అక్షరాలు దిద్దించిన పాఠశాలలో చదివినవారికి ఆ విద్య ఇప్పటికే ఉన్నది. ఊరిలోని నాయనమ్మకు, అమ్మమ్మకు, పాత పంతులుగారికి వారు పంపే తరువాతి సందేశం తెలుగు లిపిలో వెళితే, చదివిపెట్టేవారి కోసం అవతల ఎవరూ ఎదురుచూడవలసిన పని ఉండదు.